బోటు నీటిపంపు మరమ్మతు: లోపాన్ని గుర్తించడంలో తెలుగు క్రియల పాత్ర

వ్యాస సంగ్రహం

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, రేపల్లె ప్రాంతాల పొలాలకు నీరు పెట్టే పంపు, నిజాంపట్నం రేవులో చేపల బోటు ఇంజనును చల్లబరిచే పంపు పేరుకు ఒకటే అయినా నిర్మాణంలో వేరు. రెండింటి విషయంలోనూ లోపం రాగానే వినిపించే మాట మాత్రం ‘పంపు పోయింది’ అన్నదే. బాగుచేయాలా, మార్చాలా అన్న నిర్ణయానికి ఈ మాట తోడ్పడదు. లాగడం, పోయడం, కారడం, పట్టేయడం అనే నాలుగు వాడుక క్రియల ఆధారంగా బోటు పంపు లోపాలను విభజించి, మరమ్మతు క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వృత్తిపదాలు, నిజాంపట్నం, బోటు ఇంజను, నీటిపంపు, మరమ్మతు, క్రియాపదాలు.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో నిజాంపట్నం ప్రధానమైన చేపలరేవు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. బోట్ల మరమ్మతులకు అనువైన కాలం అదే. ఆ గడువులో గుర్తించని చిన్న లోపం, వేటకు వెళ్లాక నడిసముద్రంలో ఇంజనును ఆపివేయగలదు. ఇంజను ఆగిన బోటు గాలివాటుకు, ప్రవాహానికి కొట్టుకుపోతుంది. కొన్ని వందల రూపాయల రబ్బరు భాగానికీ కొందరి ప్రాణాలకూ మధ్య ఉన్న సంబంధం ఇది. కనుక లోపాన్ని సరిగ్గా చెప్పగలగడం భాషావిషయం మాత్రమే కాదు.

2. బోటు పంపు పనితీరు

డీజిల్ ఇంజనులో ఇంధనం నుంచి వెలువడే శక్తిలో స్థూలంగా మూడోవంతే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా పొగతోను, చల్లబరిచే నీటితోను బయటకు పోవాలి. ఉప్పునీటితో చల్లబడే బోటు ఇంజన్లలో ఆ నీటిని సముద్రం నుంచి తీసుకునే పంపే ఇక్కడ చర్చిస్తున్న పంపు. కొన్ని ఇంజన్లలో ఉప్పునీరు నేరుగా తిరుగుతుంది. మరికొన్నింటిలో ఇంజను లోపల మంచినీరు తిరుగుతూ ఉండగా, ఉష్ణవినిమయ పరికరంలోని సన్నని గొట్టాల ద్వారా దాని వేడిని ఉప్పునీరు గ్రహిస్తుంది.

పొలం పంపు సాధారణంగా అపకేంద్ర పద్ధతిలో పనిచేస్తుంది. దానిలో ముందుగా నీరు నింపకపోతే నీటిని పైకి తేలేదు. బోటులో ఎక్కువగా కనిపించే పంపులో వంగే రెక్కలున్న రబ్బరు చక్రం ఉంటుంది. దీన్నే ఇంపెల్లర్ అంటారు. పంపు గది గోడకు ఒకచోట ఉబ్బెత్తు భాగం ఉంటుంది. రెక్కలు అక్కడికి రాగానే వంగుతాయి, దాటగానే విచ్చుకుంటాయి. విచ్చుకున్నప్పుడు రెక్కల మధ్య చోటు పెరిగి పీడనం తగ్గుతుంది, నీరు లోపలికి వస్తుంది. అందువల్ల ఈ పంపు ముందుగా నీరు పోయనవసరం లేకుండానే నీటిని లాగగలదు. అయితే రబ్బరుకూ లోహానికీ మధ్య రాపిడిని తగ్గించేది ఆ నీరే. నీరు అందకుండా తిరిగితే రెక్కలు కొద్దిసేపటికే కాలి చిట్లుతాయి.

3. నాలుగు క్రియలు – నాలుగు లోపాలు

3.1 ‘లాగడం లేదు’: ఈ మాట పంపుకు ముందున్న మార్గాన్ని అనుమానించమంటుంది. బోటు అడుగున ఉన్న వాల్వు మూసి ఉండవచ్చు. జల్లెడలో బురద, నాచు, ప్లాస్టిక్ సంచుల ముక్కలు అడ్డుపడి ఉండవచ్చు. డెల్టా కాలువలు, మొగల మీదుగా సముద్రంలోకి వెళ్లే బోట్లకు ఒండ్రునీరు తప్పదు గనుక జల్లెడను తరచుగా కడగాలి. గొట్టానికి పగులు ఉంటే పంపు నీటికి బదులు గాలిని లాగుతుంది. ఇవన్నీ చూశాకే పంపు మూత విప్పాలి.

3.2 ‘సరిగా పోయడం లేదు’: నీరు వస్తున్నా బయటకు పడే ధార సన్నగిల్లిందని దీని అర్థం. రెక్కలు అరగడం, బెల్టు జారడం, మూతపలక లోపలివైపు గాడి పడడం, పంపు తర్వాతి గొట్టాల్లో ఉప్పు పేరుకోవడం దీనికి కారణాలు. ఇంజను ఉష్ణోగ్రత సూచికకన్నా ముందుగా ప్రమాదాన్ని తెలిపేది ఆ నీటిధారే.

3.3 ‘కారుతోంది’: ఎక్కడ కారుతోందన్నది ముఖ్యం. మూత అంచున కారితే గాస్కెట్టు చాలు. పంపు నడుమ అడుగుభాగాన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. నీటిసీలుకూ బేరింగుకూ మధ్య ఉండే ఈ రంధ్రం సీలు పాడైనప్పుడు చెప్పడానికే ఉంది. అక్కడ నీరు కారితే నీటిసీలు, గేరుతో నడిచే పంపుల్లో నూనె కారితే నూనెసీలు దెబ్బతిన్నట్లు. కారడం ఆపాలని ఆ రంధ్రాన్ని లప్పంతో మూస్తే ఉప్పునీరు బేరింగులోకి, కొన్ని పంపుల్లో ఇంజను ఆయిలులోకి చేరుతుంది.

3.4 ‘పట్టేసింది’: బేరింగు తుప్పుపట్టి గాని, ఉప్పు గడ్డకట్టి గాని షాఫ్టు తిరగకపోవడం. బలవంతంగా తిప్పితే బెల్టు తెగవచ్చు, గేరు పళ్లు విరగవచ్చు. ఈ లోపం తరచుగా 3.3లో చెప్పిన కారడాన్ని ఉపేక్షించిన ఫలితమే.

4. మరమ్మతు క్రమం

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, అడుగు వాల్వు మూయాలి. మూత విప్పి, రెక్కలు ఏ వైపు వంగి ఉన్నాయో గుర్తించాక చక్రాన్ని బయటకు తీయాలి. రెక్కలను లెక్కపెట్టాలి. ఒక్కటి విరిగి ఉన్నా ఆ ముక్క దొరికేవరకు వెతకాలి. లేకపోతే అది గొట్టాల్లో చిక్కుకుని, కొత్త చక్రం వేసినా నీటిని అడ్డుకుంటుంది. కొత్త రెక్కలకు గ్రీజుకు బదులు సబ్బునీరు గాని గ్లిజరిన్ గాని రాయాలి. పెట్రోలియం గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. షాఫ్టు తిరిగే దిశలోనే చక్రాన్ని తిప్పుతూ లోపలికి నెట్టాలి. గాస్కెట్టు పాతదానంత మందంలోనే ఉండాలి. మందం పెరిగితే మూతకూ రెక్కలకూ మధ్య సందు ఏర్పడి పంపు లాగే శక్తి తగ్గుతుంది. వాల్వు తెరిచిన తర్వాతే ఇంజను నడపాలి.

ఇక్కడ వేటనిషేధ కాలానికి సంబంధించిన ఒక జాగ్రత్త ఉంది. 61 రోజులు కదలకుండా ఉన్న చక్రంలో ఉబ్బెత్తు భాగం దగ్గరి రెక్కలు వంగినట్లే ఉండిపోయి, తిరిగి పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. బోటును కట్టేసేటప్పుడే చక్రాన్ని తీసి దాచి, జూన్‌లో అమర్చడం మేలు.

5. బాగుచేయాలా, మార్చాలా?

చక్రం, గాస్కెట్టు, సీళ్లు, బేరింగులు అరిగే భాగాలు. వాటిని మార్చడం మరమ్మతే. పంపు గది గోడ లోతుగా గాట్లు పడినా, సీలు ఆనే చోట షాఫ్టు గాడి పడినా, బేరింగు కూర్చునే చోటు వదులైనా కొత్త భాగాలు నిలవవు. అప్పుడు పంపునే మార్చాలి. ఇత్తడి భాగం ఎర్రబారితే అందులోని జింకు ఉప్పునీటిలో కరిగి, లోహం గుల్లబారుతోందని గ్రహించాలి.

చౌకగా వస్తుందని పొలానికి వాడే పోతయినుము పంపును బోటుకు బిగించడం సరికాదు. ఉప్పునీటిలో ఇనుము, కంచు వంటి భిన్నలోహాలు తగిలి ఉంటే వాటి మధ్య విద్యుత్ ప్రవాహం ఏర్పడి ఇనుము త్వరగా తినబడుతుంది. కొత్త పంపు తిరిగే దిశ, అది ఇచ్చే నీటి పరిమాణం, కప్పీ కొలత పాతదానికి సరిపోవాలి.

6. వృత్తిపదాల దృష్టితో పరిశీలన

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశాల ప్రచురణ వ్యవసాయంతో 1962లో మొదలైంది. చేనేత సంపుటం 1971లో వెలువడింది. ఆ వృత్తుల పనిముట్లకు తెలుగు పేర్లు విస్తారంగా ఉన్నాయి. యంత్రాలతో వచ్చిన వృత్తుల్లో స్థితి భిన్నం. పై వివరణలో వాల్వు, సీలు, బేరింగు, షాఫ్టు, గాస్కెట్టు అన్నీ ఆదానపదాలే. లోపాన్ని చెప్పే క్రియలు మాత్రం తెలుగువే. నామవాచకాలను మాత్రమే సేకరిస్తే ఇటువంటి వృత్తిలో తెలుగు లేదనిపిస్తుంది; క్రియలను కూడా సేకరిస్తే పనివాని పరిజ్ఞానం ఏ భాషలో నడుస్తోందో తెలుస్తుంది. ఆదానపదాలకు కృత్రిమమైన సమానార్థకాలు కల్పించడం కన్నా ఈ క్రియలను వాటి సందర్భంతో నమోదు చేయడం ప్రయోజనకరం.

7. ముగింపు

• ‘పోయింది’ అన్న మాట ఫలితాన్ని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. దానివల్ల బాగుపడే పంపును పారేయడమో, మార్చవలసిన పంపుతోనే సముద్రంలోకి వెళ్లడమో జరగవచ్చు.
• లాగడం, పోయడం, కారడం, పట్టేయడం అనే క్రియలు లోపమున్న చోటును వరుసగా పంపుకు ముందు, రెక్కలూ తర్వాతి మార్గం, సీలు, బేరింగు–షాఫ్టులుగా సూచిస్తాయి.
• మరమ్మతు సూచనలను తెలుగులో రాసేవారు భాగాల పేర్లతో కాక ఈ క్రియలతో మొదలుపెడితే, బోటు నడిపేవారు తాము చూసినదాన్ని బట్టే తగిన పుటను తెరవగలుగుతారు.
• తెలుగు శాఖలు, బాపట్లలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి సంస్థలు కలిసి పొలం పంపు, బోటు పంపుల వాడుకను పక్కపక్కనే సేకరిస్తే, డెల్టా నేలకూ తీరానికీ ఉమ్మడిగా ఉపయోగపడే వృత్తిపదకోశం రూపొందుతుంది.