పలక పట్టేలోపే... టీకా!

పిల్లాడు బడికెళ్లేలోపు వాడి చేతికి బలపం ఒక్కసారి పడుతుంది. సూది మాత్రం చాలాసార్లు పడుతుంది. బలపం మీదున్నంత నమ్మకం సూది మీద కూడా ఉందా?

బాసర జ్ఞాన సరస్వతి ఆలయం. వసంత పంచమి వచ్చిందంటే ఇసుకేస్తే రాలనంత జనం. గోదాట్లో స్నానం, నాన్న ఒళ్లో బుజ్జాయి, ముందు పలక... అక్షరాభ్యాసం అయిందంటే అమ్మానాన్నలకు నిశ్చింత.

మరి ఆ చెయ్యి పలక పట్టేలోపు ఎన్ని టీకాలో! పుట్టగానే బీసీజీ, హెపటైటిస్-బి, పోలియో చుక్కలు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా. ఏడాదిన్నర ప్రాంతంలో బూస్టర్లు. ఏ తల్లీ ప్రయోగశాలకు వెళ్లి పరీక్షించి వేయించదు. ఏఎన్ఎం, ఆశ కార్యకర్త చెప్పిన మాట మీదే వేయిస్తుంది. ఆ మాట మీద నమ్మకం పోతే?

అడగకుండా వేస్తే...

బాసర దాటిన గోదారి చాలా దూరం ప్రవహించి భద్రాచలం చేరుతుంది. నమ్మకం ఎలా పోతుందో ఆ ఊరికి తెలుసు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. 'పాత్' అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనమది. దాదాపు 14 వేల మందికి వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు.

ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చనే విచారణ సంఘం చెప్పింది. కానీ అంగీకార పత్రాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. 9,543 పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! కన్నవాళ్లను అడగనే లేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

అడిగి వేస్తే...

నైజీరియాలోని కానో రాష్ట్రంలో 2003లో ఓ పుకారు పుట్టింది... పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని. నెలల తరబడి చుక్కలు ఆపేశారు. ఈలోగా పోలియో పక్క దేశాలకూ పాకింది. చివరికి ఇండోనేషియా నుంచి టీకా తెప్పించాకే 2004లో మళ్లీ మొదలెట్టారు.

ఉత్తరప్రదేశ్‌లోనూ అదే పుకారు. అక్కడ సిబ్బంది గడప గడపకూ వెళ్లారు. ఇమాములను కలిశారు. వాళ్ల చేతే చెప్పించారు. ఫలితం? 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ దక్కింది.

వేపాకుతో గొడవెందుకు?

తట్టు వస్తే 'అమ్మవారు పోసింది' అని వేపాకు కట్టే ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ నానమ్మను వెక్కిరిస్తే ఆమె తలుపేసుకుంటుంది. 'వేపాకు కట్టుకో, పిల్లకు టీకా కూడా వేయించు' అంటే వింటుంది. సూది వేశాక ఒకట్రెండు రోజులు జ్వరం రావచ్చని ముందే చెబితే తల్లి కంగారు పడదు. చెప్పకపోతే మాత్రం రెండో డోసుకు రాదు.

ఐదారేళ్లకు వేయించాల్సిన డీపీటీ రెండో బూస్టర్‌ను చాలామంది మర్చిపోతుంటారు. అక్షరాభ్యాసానికి సంచి సర్దేటప్పుడు టీకాల కార్డు ఓసారి తీసి చూడండి. అనుమానం ఉంటే మొహమాటం లేకుండా అడగండి. అడిగే హక్కు మీది, చెప్పాల్సిన బాధ్యత వాళ్లది!