ఎన్నో కార్లు, ఒక్కటే ఇంజన్

ఒకే ఇంజన్‌ను రకరకాల మోడళ్లలో, చివరికి పోటీ కంపెనీల కార్లలో కూడా బిగించడం కార్ల పరిశ్రమలో మామూలే. మన దేశంలో దీనికి ఫియట్ 1.3 లీటర్ డీజిల్ ఇంజన్‌ను మించిన ఉదాహరణ లేదు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు సాగే ట్రాఫిక్‌లో పాత డీజిల్ స్విఫ్ట్, డిజైర్, పుంటో, ఇండిగో మాంజా కనిపిస్తే, వాటన్నిటి బానెట్ కింద ఉన్నది అదే.

ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన ఈ ఇంజన్ 2003లో యూరప్‌లో విడుదలైంది. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో ఇక్కడి జనానికి దగ్గరైంది. ఫియట్ దీన్ని మల్టీజెట్ అంది, మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. పేరేదైనా సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 82 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లకు లెక్క కడితే 1248 సీసీ. ఈ కార్లలో దేని ఆర్సీ చూసినా ఉండేది ఆ అంకే.

కొత్త ఇంజన్ తయారు చేయాలంటే డిజైన్‌కూ, అచ్చులకూ, యంత్రాలకూ, పొగ పరీక్షలకూ వందల కోట్లు పోయాలి. ఆ ఖర్చు లక్షల బండ్ల మీద పంచితేనే కారు ధర మధ్యతరగతికి అందుతుంది. పన్ను కూడా కలిసొచ్చింది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది.

ఇంజన్ ఒకటైనా నడక ఒకటి కాదు. స్విఫ్ట్‌లో మామూలు టర్బోతో దాదాపు 75 హార్స్‌పవర్ ఇచ్చేదే, ఏడుగురు కూర్చునే ఎర్టిగాలో దాదాపు 90 ఇచ్చింది. అందులో వేసిన టర్బో రెక్కలు వేగాన్ని బట్టి కోణం మార్చుకుంటాయి. దాంతో టర్బో తక్కువ వేగంలోనూ గాలిని గట్టిగా లోపలికి తోస్తుంది. డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో చెప్పే ఈసీయూ ప్రోగ్రామ్, గేర్ల నిష్పత్తి, ఇంజన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంటింగులు కూడా మోడల్‌ను బట్టి మారతాయి.

ఇప్పుడు ఇదే పద్ధతి మన పెనుకొండ ఫ్యాక్టరీలో నడుస్తోంది. అక్కడ తయారయ్యే కియా సెల్టోస్, సోనెట్‌లలో ఉండే 1493 సీసీ డీజిల్ ఇంజనే హ్యుందాయ్ క్రెటాలోనూ ఉంది.

ఒకే ఇంజన్ మీద ఆధారపడితే చిక్కూ ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. స్విఫ్ట్, డిజైర్, బ్రెజా, అన్నిటికీ ఒకేసారి డీజిల్ రకం లేకుండా పోయింది. డిజైన్‌లో లోపం దొరికినా అంతే, అది ఒక్క మోడల్‌తో ఆగదు.

ఈ పాత డీజిళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఒకటి గమనించాలి. లోపలి భాగాలు చాలావరకు కలిసినా టర్బో, ఈసీయూ, మౌంటింగులు కలవవు. స్పేర్ పార్టు అడిగేటప్పుడు ఇంజన్ పేరు చెప్పి ఊరుకోకుండా, ఆర్సీ మీది ఛాసిస్ నంబరు చూపించి తీసుకోవాలి.