తొలకరి వాసన – క్షయ మందు

తొలకరికి మట్టి వాసన వస్తుంది కదా. దానికి ముఖ్య కారణం మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు. క్షయకు మొదటి యాంటీబయాటిక్ వాటి నుంచే వచ్చింది.

ఆల్బర్ట్ షాట్జ్ అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. పేద రైతు కుటుంబం, నెలకు 40 డాలర్ల భృతి, పని బేస్‌మెంటులోని ల్యాబులో. 1943 అక్టోబరులో, మా వయసులోనే, అంటే 23 ఏళ్ళకే, స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. దాన్నిచ్చే సూక్ష్మజీవి ఆయనకు రెండుచోట్ల దొరికింది: బాగా ఎరువు వేసిన పొలం మట్టిలో, ఒక కోడి గొంతులో!

క్షయ క్రిమిని పెన్సిలిన్ ఏమీ చేయలేకపోయింది. స్ట్రెప్టోమైసిన్ మాత్రం ఆ క్రిమిలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను పట్టుకుని పని చెడగొడుతుంది. మన కణాల్లోని రైబోజోములు చాలావరకు వేరే రకం కనుక మనం తట్టుకుంటాం. అయితే లోపలి చెవి దెబ్బతిని కొందరికి చెవుడు వస్తుంది. మందు కనుక్కుంటే చాలదు, మన శరీరం దాన్ని ఎలా భరిస్తుందో కూడా తెలియాలి.

1952లో నోబెల్ బహుమతి గురువు వాక్స్‌మన్ ఒక్కరికే ఇచ్చారు. మట్టిజీవుల్లో మందులు వెతికే దారి వేసింది ఆయనే, కాదనం. కానీ శిష్యుణ్ణి వదిలేయడం మాకు న్యాయంగా తోచదు. షాట్జ్ 1950లోనే కోర్టుకెక్కి సహ ఆవిష్కర్తగా గుర్తింపు, రాయల్టీలో 3 శాతం సాధించుకున్నారు. ఆ మందును లోకానికి తెలిపిన 1944 నాటి పరిశోధన వ్యాసంలో మొదటి పేరు ఆయనదే.