నలభై నిమిషాల మందు, రెండు గంటల కాపలా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళలో ఒంట్లో నలతగా ఉందంటే చాలామంది అడిగేది మాత్ర కాదు, సీసా. ‘ఒక గ్లూకోజ్ ఎక్కియ్యి సారూ’ అంటూ తామే మంచమెక్కుతారు. అక్కర్లేదన్న డాక్టరుకు పని రాదని పేరు పెట్టి, ఎక్కించే ఆర్‌ఎంపీని వెతుక్కుంటారు. అలాంటి చోటికి ఇప్పుడు ఇంకో సీసా కబురు వస్తోంది. ఏళ్ళ తరబడి మాత్రలకు లొంగని డిప్రెషన్ ఒక్క సెలైన్‌తో, అదీ ఒక్కరోజులో తగ్గుతుందట. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకు ఫోన్లో, మిగతావాళ్ళకు యూట్యూబ్‌లో అందుతున్న ఆ మందు పేరు కెటమిన్.

కబురులో నిజం ఉంది. అయితే సగమే. మిగతా సగం ఆ సీసా పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

కెటమిన్ కొత్త మందేమీ కాదు. 1962లో అమెరికాలోని పార్క్ డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశారు. 1970లో మత్తుమందుగా అనుమతి వచ్చింది. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులకు విరివిగా వాడారు. మిగతా మత్తుమందుల్లా ఊపిరిని అంతగా అణచదు, బీపీని పడనివ్వదు. పెద్ద యంత్రాలు లేనిచోట కూడా ఆపరేషన్ జరిపించగలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దీనికి చోటుంది. మన పట్టణాల నర్సింగ్‌హోముల్లో మత్తు డాక్టర్లకు ఇది బాగా తెలిసిన మందు. పశువుల డాక్టర్లకూ తెలుసు. చిన్నప్పుడు విరిగిన చెయ్యి సరిచేయించుకున్నవాళ్ళలో ఎందరో తమకు తెలియకుండానే దీని రుచి చూసి ఉంటారు.

మనసు జబ్బుకు ఇది పనికొస్తుందని తేలడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 2000లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు డిప్రెషన్ ఉన్న కొద్దిమందికి మత్తు ఇవ్వనంత తక్కువ మోతాదులో ఎక్కించి చూశారు. కొన్ని గంటల్లోనే మార్పు కనిపించింది. 2006లో అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద పరీక్షించింది. కెటమిన్ తీసుకున్న 17 మందిలో 71 శాతానికి మర్నాటికల్లా లక్షణాలు సగానికి సగం తగ్గాయి. యూట్యూబ్ కబురు ఇక్కడితో ఆగిపోతుంది. ఆ పరిశోధనలోనే ఇంకో అంకె ఉంది: ఆ మెరుగు కనీసం వారంపాటు నిలిచింది 35 శాతం మందిలోనే. ఒక్క సీసాతో వచ్చిన వెలుగు మళ్ళీ మసకబారడం మామూలే. వారానికి రెండుసార్ల చొప్పున కొన్ని వారాలు ఇవ్వడం, మాత్రలూ కౌన్సెలింగూ ఆపకుండా కొనసాగించడం అందుకే.

ఇది అంత తొందరగా ఎలా పనిచేస్తుంది? మామూలు డిప్రెషన్ మాత్రలు ఎక్కువగా సెరటోనిన్ మీద పనిచేస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు నీళ్ళు వదిలినా చివరి భూములు తడవడానికి రోజులు పట్టినట్టు, వాటి ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కెటమిన్ దారి వేరు. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనానికి సంబంధించిన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటుంది. ఆ అడ్డుతో మొదలైన వరుస మార్పుల వల్ల, దిగులుతో బలహీనపడిన నాడీకణాల మధ్య లంకెలు తిరిగి చిగురిస్తాయని శాస్త్రవేత్తల అంచనా. పూర్తి గుట్టు ఇంకా విప్పుతూనే ఉన్నారు.

చికిత్స గదిలో జరిగేది చూద్దాం. ముందుగా బరువు తూస్తారు. కిలోకు అర మిల్లీగ్రాము లెక్క. అంటే 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు. ఆపరేషన్‌కు మత్తివ్వడానికి నరంలోకి కిలోకు ఒకటి నుంచి రెండు మిల్లీగ్రాములు వాడతారు కాబట్టి, తేడా కొద్దిపాటిదే. లెక్క తప్పినా, వేగం తప్పినా చికిత్స కాస్తా మత్తు అవుతుంది. అందుకే చేత్తో గబుక్కున పొడవరు. సెలైన్‌లో కలిపి నలభై నిమిషాలపాటు సన్నగా దించుతారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, చేతికి బీపీ పట్టీ ఉంటాయి. పదిహేను నిమిషాలు గడిచేసరికి పెదాలు తిమ్మిరెక్కుతాయి. ఒళ్ళు తేలిపోతున్నట్టు, గోడలు దూరం జరిగినట్టు, తన చెయ్యి తనది కానట్టు అనిపించవచ్చు. కొందరికి అది హాయి. కొందరికి ప్రాణం పోతోందన్నంత భయం. ఆ క్షణంలో ‘ఏం కాదమ్మా, ఇది మందు వల్లే, కాసేపట్లో దిగిపోతుంది’ అనే గొంతు పక్కనే వినపడాలి. బీపీ పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. గంటా గంటన్నరలో ఇవన్నీ సర్దుకుంటాయి. అయినా లేచి వెళ్ళనివ్వకూడదు. కెటమిన్‌కే ఇంకో రూపమైన, అమెరికాలో డిప్రెషన్‌కు 2019 మార్చిలో అనుమతి పొందిన ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకు రెండు గంటల కాపలా తప్పనిసరి. దాన్ని ఇంటికి ఇచ్చి పంపరు, ఆస్పత్రిలో కళ్ళెదుటే వాడించాలి. ఆ రోజు బండి నడపకూడదు. రాత్రి బాగా నిద్రపోయాక, మర్నాడే.

ఇంకోమాట. అక్కడ అనుమతి ఉన్నది ఆ స్ప్రేకే. నరంలోకి ఎక్కించే మామూలు కెటమిన్‌కు డిప్రెషన్ మందుగా అమెరికా ఔషధ సంస్థ అనుమతి లేదు. మత్తుమందుగా ఉన్న అనుమతి మీద, డాక్టరు తన విచక్షణతో ఇస్తారు. ఇది తప్పేం కాదు, వైద్యంలో ఉన్నదే. కానీ రోగికి ఆ సంగతి విడమరిచి చెప్పి, సంతకం తీసుకోవాలి.

ఇక మన దగ్గర అసలు చిక్కు కెటమిన్‌లో లేదు, ‘మందులకు లొంగని’ అన్న మాటలో ఉంది. రెండు వేర్వేరు డిప్రెషన్ మందులను సరైన మోతాదులో, కనీసం ఆరేసి వారాల చొప్పున వాడినా గుణం కనిపించకపోతేనే దాన్ని లొంగని డిప్రెషన్ అంటారు. సూర్యాపేట పల్లెలో రంది పట్టి తిండీ నిద్రా మానేసిన మనిషి ఏం చేస్తున్నాడు? మొదట గాలి సోకిందని తాయెత్తు, తర్వాత నరాల బలహీనతని బి-కాంప్లెక్స్ సూది, నిద్ర పట్టడానికి అల్ప్రాజోలం. పేరున్న డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పదిహేను రోజులు వాడి ‘తగ్గలేదు’ అనో, నెలకే ‘తగ్గింది’ అనో మానేయడం. ఇవన్నీ కలిపి పదేళ్ళయినా అది చికిత్సకు లొంగని జబ్బు కాదు. చికిత్సే మొదలుకాని జబ్బు. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు. ఉంటే అంకె గొప్పగా మారేదని అనుకోను.

థైరాయిడ్ పరీక్ష చేయించకుండా, రోజూ సాయంత్రం పడే క్వార్టర్ సంగతి అడగకుండా, ఒకప్పుడు పట్టరాని హుషారు వచ్చి పోయిందా అని ఆరా తీయకుండా ‘మందులు పనిచేయడం లేదు’ అనడానికి వీల్లేదు. అల్ప్రాజోలం కథ మరీ ముఖ్యం. తెలంగాణలో అది మెడికల్ షాపులోనే కాదు, కల్తీ కల్లులోనూ దొరుకుతుంది. ఈ రకం నిద్రమాత్రలకు అలవాటుపడ్డవాళ్ళలో కెటమిన్ ఫలితం తగ్గవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్లమాత్రో, సాయంత్రం సీసాడు కల్లో రేపటి ఖరీదైన చికిత్సను నీరుగార్చవచ్చు. అలాగని దాన్ని ఒక్కరోజులో ఆపేయడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

లొంగని డిప్రెషన్‌కు కెటమిన్ ఒక్కటే దారి కాదు, షాక్ ట్రీట్‌మెంట్ (ఈసీటీ) కూడా ఉంది. ఆ మాట అనగానే మన సినిమాల్లో విలన్ కట్టేసి ఇచ్చే కరెంటే గుర్తొస్తుంది. నిజానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషేధం. తీవ్రమైన డిప్రెషన్‌కు అది ఇప్పటికీ గట్టి వైద్యం. అమిత్ ఆనంద్ నేతృత్వంలో అమెరికాలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, భ్రమలూ భ్రాంతులూ లేని లొంగని డిప్రెషన్ రోగుల్లో కెటమిన్‌తో 55 శాతం మందికి, ఈసీటీతో 41 శాతం మందికి గుణం కనిపించింది. కెటమిన్ ఏమాత్రం తీసిపోదని తేలింది. కానీ భ్రమలున్నవాళ్ళకు దారి వేరు. అదుపులో లేని బీపీ, గర్భం, మత్తు అలవాటు ఉన్నవాళ్ళకూ కెటమిన్ తగదు.

మత్తు అలవాటు అన్నాం కదా. కెటమిన్‌కు ఆ చీకటి ముఖం ఉంది. పార్టీల్లో పీల్చేవాళ్ళున్నారు. ఎక్కువకాలం అలా వాడితే మూత్రాశయం పుండైపోతుంది. మన దేశంలో 2011లో దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. తర్వాత షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చారు. అంటే చీటీ రెండు కాపీలు రాయాలి, ఒకటి మెడికల్ షాపువాళ్ళు రెండేళ్ళు దాచాలి, మందు తాళంలో ఉండాలి. ‘ఫ్రెండ్స్’ సీరియల్ నటుడు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరు 28న ఇంట్లోని వేడినీళ్ళ తొట్టిలో చనిపోయాడు. కెటమిన్ ప్రభావమే ప్రధాన కారణమని అధికారులు తేల్చారు. ఆయన అంతకుముందు క్లినిక్‌లో డిప్రెషన్‌కు ఇదే చికిత్స తీసుకున్నాడు. ప్రాణం తీసింది ఆ మోతాదు కాదు, అడ్డదారిలో తెప్పించుకుని ఇంట్లో పొడిపించుకున్నది. 2024 ఆగస్టులో ఇద్దరు డాక్టర్లు సహా ఐదుగురిపై కేసు పెట్టారు. కాపలా ఉన్న మందుకూ లేని మందుకూ తేడా ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం.

మన మూడు ఊళ్ళకు దారి లెక్క కూడా ఉంది. కోదాడ నుంచి హైదరాబాద్ సుమారు 175 కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు, మూడు వారాలంటే ఆరు ప్రయాణాలు, తోడొచ్చే మనిషికి ఆరు రోజుల కూలి. మందు వేసుకున్నాక బస్సు దిగి, బస్టాండు దగ్గర పెట్టిన బండి మీద ఊరికి పోకూడదు. ఈ ఏర్పాటు ముందే చూసుకోవాలి. సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మెడికల్ కాలేజీ అన్నాక మానసిక వైద్య విభాగం ఉండాల్సిందే. మిర్యాలగూడ వాళ్ళు రైలెక్కితే బీబీనగర్‌లోనే ఎయిమ్స్. కెటమిన్ కోసం కాదు, సరైన నిర్ధారణ కోసం ముందు పోవాల్సింది అక్కడికి. మనసు వైద్యులున్న చోట, మత్తు డాక్టరు చేతి దూరంలో ఉన్నప్పుడు, ఈ చికిత్స జిల్లా స్థాయిలోనూ జరగొచ్చు. మందు ఖరీదు పెద్దది కాదు. మంచం, మానిటరు, మనిషి, వీటికే ఖర్చు. అవి లేకుండా ‘చవగ్గా చేస్తాం’ అన్నవాళ్ళ దగ్గర ఆగకండి.

ఎక్కడైనా సరే, సంతకం పెట్టేముందు అడగండి: ఇప్పటిదాకా వాడిన మందులు సరిపడా వాడినట్టేనా? ఎక్కించేటప్పుడు గదిలో ఎవరుంటారు? బీపీ పెరిగితే ఏం చేస్తారు? ఎన్నిసార్లు, ఆ తర్వాత ఏం వాడాలి? విసుక్కోకుండా చెప్పే డాక్టరు దగ్గరే పడుకోండి.

ఇంట్లో ఎవరైనా బతుకు మీద ఆశ వదులుకున్నట్టు మాట్లాడుతుంటే కెటమిన్ గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. పురుగుల మందు డబ్బాలు తాళంలో పెట్టండి, మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దారి తెలియకపోతే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.