గూళ్ల బండి కట్టించుకునేటప్పుడు

చింతామణి రోడ్డులో ఒక వెల్డింగ్ షెడ్డు. మన రైతు ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ తెచ్చి, "చాసిస్ జానెడు పొడవు చెయ్యి, ఇంకో మూట పడుతుంది" అన్నాడు. మెకానిక్ ఒప్పుకోలే. "కోసి అతికిన చోటే విరుగుతాదన్నా. గూళ్లు పోతే పోనీ, నువ్వు?"

చట్టం కూడా వద్దనే అంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్: ఆర్సీలో ఉన్న వివరాలు మారేట్టు బండిని మార్చకూడదు. మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

కోత లేకుండానే పని జరిగింది. వెనక సీటు తీసి, చదరం పైపుతో నాలుగు బోల్టుల చట్రం బిగించినాడు. పక్కలకు జాలీ, నడుమ ఒక అర. ఈ అరే అసలు తెలివి. గూట్లో పురుగు ప్రాణంతో ఉంటుంది, ఊపిరి తీస్తుంది. మూటల్లో అదిమి కడితే ఉక్క పట్టి చెమరుస్తుంది. అడుగున నలిగిన పురుగు పగిలి పక్క గూళ్లకూ మరక అంటిస్తుంది. రీలరు చెయ్యి పెట్టి చూస్తాడు, రేటు దిగుతుంది.

బరువు వెనక చక్రం దాటి పోకూడదు. పోతే ఎగువలో ముందు చక్రం తేలుతుంది. వెడల్పు హ్యాండిల్ లోపలే ఉండాలి. (రంగు, స్టిక్కర్ల సంగతి వాళ్ల పిల్లోళ్లు చూసుకున్నారు.)

మిగతా రోజుల్లో ఆ చట్రం మీదే ఆకు తెస్తారు. మార్కెట్టుకు పోయొచ్చిన చట్రాన్ని బ్లీచింగ్ నీళ్లతో కడగనిదే ఆకు వెయ్యొద్దు, రోగం ఇంటికొస్తుంది. బ్లీచింగుకు ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి ముందే రెండు కోట్లు పెయింటు వేయించుకోండి.