కోడిజాతి పక్షులు - పేర్ల పుట్టుక

కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల్లోని నల్లరేగడి పల్లెల్లో విజయనగర, మధుర నాయక రాజుల కాలం నుండి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఇంట తెలుగు, బడిలో తమిళం నేర్చే అక్కడి పిల్లలకు ఒక్కొక్క పక్షికి రెండేసి పేర్లు దొరుకుతాయి. నెమలి, మయిల్, కౌజు, కౌదారి, పూరేడు, కాడై, జెముడుకాకి, సెంబోత్తు. బడిపుస్తకంలో చోటులేని ఇంటిపేరే మొదట మరుగున పడుతుంది. దానితో పాటు పోయేది ఒక మాట మాత్రమే కాదు. ఆ పక్షిని పూర్వులు ఎక్కడ చూశారో, ఎలా గుర్తించారో చెప్పే ఆనవాలు కూడా పోతుంది.

ఒకే కుటుంబం

నెమలి, కౌజు, పూరేడు, అడవికోడి, పెరటికోడి - ఇవన్నీ శాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబం పేరు ఫేసియానిడే. నేటి జార్జియా దేశంలో ప్రవహించి నల్లసముద్రంలో కలిసే రియోని నదిని ప్రాచీన గ్రీకులు ఫాసిస్ అనేవారు. ఆ నదీతీరం నుండి వచ్చిన పక్షి అనే అర్థంలో ఫెజెంట్ అనే మాట పుట్టింది. దక్షిణాదిన కానరాని ఆ పక్షి పేరే ఇక్కడి నెమలికీ కోడికీ ఇంటిపేరయింది. కోవిల్‌పట్టి సమీపాన కళుగుమలైలో కొలువైన మురుగన్‌కు నెమలి వాహనం, కోడి ధ్వజచిహ్నం. ఆ రెండూ ఒకే కుటుంబపు పక్షులు కావడం విశేషం. కళుగుమలై అనే ఊరిపేరులో సైతం కళుగు అనే గద్దజాతి పక్షి ఉన్నది.

తోక చేసిన ప్రయాణం

తెలుగు నెమలికి కన్నడ నవిలు దగ్గరి చుట్టం. సంస్కృత మయూర శబ్దం ద్రావిడ భాషల నుండి వెళ్ళినదని పలువురు భాషావేత్తల అభిప్రాయం. నెమలి పింఛాన్ని తమిళంలో తోగై అంటారు. తెలుగు తోక దానికి సోదర పదం. బైబిలు పూర్వభాగంలో సొలొమోను రాజుకు ఓడల్లో వచ్చిన వస్తువుల పట్టికలో నెమళ్ళకు వాడిన హీబ్రూ మాట తుక్కి. అది తోగై నుండే వచ్చిందని రాబర్ట్ కాల్డ్వెల్ వాదించారు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని వెలువరించిన ఆయన, తిరునెల్వేలి జిల్లా ఇడయాన్‌గుడిలో దీర్ఘకాలం నివసించారు.

కూత, ఊరు, మనిషి

కొన్ని పేర్లు కూత నుండి పుట్టాయి. కౌజుజాతి పక్షిని సంస్కృతంలో తిత్తిరి అనడం దాని అరుపును అనుకరించడమే. తైత్తిరీయ శాఖ పేరులో వినిపించేది ఆ తిత్తిరియే. మెట్టచేలలో తిరిగే బూడిదరంగు కౌజు శాస్త్రీయ నామంలో పుదుచ్చేరి ఉన్నది. వానకాలపు పూరేడు నామంలో కోరమండల్ తీరం ఉన్నది. పడమటి కనుమల అడవికోడి పేరులో పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు సొనెరా ఉన్నాడు. శ్రీవిల్లిపుత్తూరు వైపు కొండల్లో తిరిగేది ఈ కోడే. పెరటికోళ్ళలో పసుపుపచ్చని చర్మపు లక్షణం దీని నుండే సంక్రమించిందని 2008లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది.

పొరపాటు పేర్లు

పేర్లన్నీ సత్యం చెప్పవు. టర్కీకోడి అమెరికా ఖండపు పక్షి. ఇంగ్లీషువారు దానికి తురుష్క దేశం పేరు పెట్టారు. తురుష్కులు మాత్రం దానిని హిందీ అని పిలుస్తారు. ఫ్రెంచివారి మాటకు ఇండియాది అని అర్థం. డచ్చివారి మాటలో కేరళలోని కాలికట్ దాగి ఉన్నది. ఎవరికి వారు దానిని వేరే దేశానికి అంటగట్టారు.

ఇదే విధంగా జెముడుకాకికి ఇంగ్లీషువారు క్రో ఫెజెంట్ అని పేరుపెట్టారు. అది ఫెజెంటూ కాదు, కాకీ కాదు, కోకిల బంధువు. కొత్తగా వచ్చిన దొరలు ఫెజెంట్ అని భ్రమించి కాల్చి, దాని మాంసం నోటపెట్టలేక పారవేసేవారట. తెలుగు పేరులోనూ కాకి ఉన్నప్పటికీ, జెముడు పొదను చూపే మాట పక్కనే ఉన్నది. తమిళ సెంబోత్తులో దాని రెక్కల ఎరుపు ఉన్నది. ఒక భాష పొదను పట్టుకున్నది, మరొక భాష రంగును పట్టుకున్నది. రెండూ తెలిసినవారు పక్షిని త్వరగా గుర్తుపడతారు.

పేరు తెలియకుంటే నష్టం

నేడు అంగడిలో కాడై పేర అమ్మేది సాధారణంగా ఫారాల్లో పెంచిన జపాన్ పూరేడు. చేలలోని అడవి పూరేడు వేరు. రెంటికీ ఒకే పేరు వాడుతూ పొలంలో ఉచ్చు పన్నినవారు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిక్కుల్లో పడగలరు. కౌజును వేటాడినా అంతే. నెమలి 1963 నుండి జాతీయ పక్షి. ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. చల్లిన విత్తనాలనూ ఎదిగిన గింజలనూ తినిపోతున్నదని రైతులు మొరపెట్టుకుంటున్నా, దానికి హాని చేయడం నేరమే. పంటనష్టం సంభవిస్తే అటవీ అధికారులకు తెలపడమే రైతుకు క్షేమమార్గం.

కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళ రచయితగా ప్రసిద్ధి పొందిన కి. రాజనారాయణన్ (1923-2021), ఆ కరిసల్ నేల తమిళ మాటలను ఏర్చికూర్చి నిఘంటువుగా వెలువరించారు. అదే నేలలోని తెలుగు మాటలకు ప్రతి ఇల్లూ ఒక చిన్న నిఘంటువు కాగలదు. అవ్వాతాతలు చెప్పే పక్షిపేరు, దాని పక్కన తమిళ పేరు, ఆ పక్షి కనబడే చోటు - ఈ మూడింటినీ పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో వ్రాయిస్తే చాలు. పెద్దల నోట ఉన్న పేరు పిల్లల చేతికి అందుతుంది.