వరుస తప్పితే

పొద్దున్నే వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి చూడండి. మనుషులు ఇంకా రారు. బిందెలు మాత్రం వచ్చేసి ఉంటాయి. ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. స్టీలు బిందె, ప్లాస్టిక్ బిందె, అంచు విరిగిన బకెట్టు. బిందె తేలేనివాళ్ళు ఒక రాయి పెట్టి పోతారు. ఆ రాయి ఎవరిదో అందరికీ తెలుసు. నీళ్ళు వచ్చే వేళకు రాయి తాలూకు మనిషి వస్తుంది. రాయి పక్కకు జరుగుతుంది, బిందె కుళాయి కిందికి వస్తుంది.

ఈ వరుస మనకు ఎవరు నేర్పారు? ఏ ఆఫీసరూ నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. అక్షరం రాని రోజుల్లోనే మన ఆడవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఇది. ముందు వచ్చినవాళ్ళకు ముందు. అంతే.

మన భాషలో వరుస అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకరి వెనక ఒకరు నిలబడితే వరుస. చుట్టరికం కూడా వరుసే. "ఆమె నీకు ఏ వరుస?" అని అడుగుతాం కదా. తమాషా ఏమిటంటే, మొదటి వరుసను చెడగొట్టడానికి రెండో వరుస బాగా పనికొస్తుంది. "వదినా, నా రెండు బిందెలు పట్టుకోనీ" అంటూ ఒకామె వస్తుంది. ఎప్పుడూ పలకరించని మనిషి ఆ రోజు వదినా అంటుంది. కాదంటే ఏం బాగుంటుంది? సరే అంటాం. వరుస కలిసింది. వరుస తప్పింది.

రెండు బిందెలే కదా, ఏం పోయింది అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. ఒక బిందె నిండడానికి 3 నిమిషాలు. రెండు బిందెలకు 6 నిమిషాలు. ఆమె వెనక 20 మంది ఉన్నారు. ఒక్కొక్కరూ 6 నిమిషాలు ఎక్కువ నిలబడాలి. 20 ఆరులు 120. అంటే 2 గంటలు. ఒక్క మనిషి తన సమయం కాస్త మిగుల్చుకోవడానికి ఇరవై మంది దగ్గర రెండు గంటలు తీసుకుంది. ఆ ఇరవై మందిలో ఒకామె కూలికి పోవాలి. కూలీల ఆటో 7 గంటలకు వెళ్ళిపోతుంది. ఆరు నిమిషాలు ఆలస్యం అయితే ఆ రోజు కూలి లేదు.

ఇంకొకటి కూడా చూడండి. "సరే, పట్టుకో" అన్న ఆమె మంచిదే. కాని ఆమె తన ఆరు నిమిషాలే ఇవ్వలేదు. వెనక ఉన్న పంతొమ్మిది మందివి కూడా ఇచ్చేసింది. వాళ్ళను ఎవరూ అడగలేదు.

కొన్నిసార్లు మర్యాద పేరుతో కూడా వరుస తప్పుతుంది. నేను బడిలో చదువు చెబుతాను. దుకాణానికి వెళితే "టీచరమ్మా, మీరు ముందు తీసుకోండి" అంటారు. నా ముందు పొలానికి పోవలసిన మనిషి నిలబడి ఉంటుంది. మర్యాద నాకు, నష్టం ఆమెకు. సర్పంచిగారి ఇంటివాళ్ళు వచ్చినా ఇంతే, పట్నం నుంచి కారులో చుట్టాలు దిగినా ఇంతే. తెల్ల బట్టలు చూస్తే మన కాళ్ళు వాటంతట అవే పక్కకు జరుగుతాయి. ఎందుకు జరగాలి?

దీనికి వెనక పెద్ద కథ ఉంది. మన పెద్దవాళ్ళను అడగండి. పాత రోజుల్లో చాలా ఊళ్ళలో ఊరి బావి దగ్గర అందరికీ ఒకటే వరుస ఉండేది కాదు. కొన్ని కులాలవాళ్ళు బావి గట్టు ఎక్కకూడదు. దూరంగా కుండ పట్టుకుని నిలబడాలి. ఎవరికైనా దయ కలిగి నీళ్ళు పోస్తే పట్టుకోవాలి. ఎంత ముందు వచ్చినా వాళ్ళది చివరి వంతే. మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. అంటరానితనం చెల్లదని 17వ అధికరణంలో రాశారు. కులం, మతం, ఆడా మగా తేడా చూపి ఎవరినీ బావుల దగ్గర, చెరువుల దగ్గర, దుకాణాల్లో ఆపకూడదని 15వ అధికరణంలో రాశారు. కుళాయి దగ్గర నిలబడ్డ బిందెకు కులం లేదు. అందుకే, డబ్బు లేనివాళ్ళకు, పలుకుబడి లేనివాళ్ళకు వరుస ఎంతో అవసరం. పలుకుబడి ఉన్నవాళ్ళకు వరుస లేకపోయినా పని జరిగిపోతుంది.

అయితే ఎవరినీ ముందు పంపకూడదా? పంపాలి. నిండు నెలల మనిషి, చంటిపిల్ల తల్లి, కాళ్ళు లాగే అవ్వ, జ్వరంతో వణికే పిల్లవాడు, వీళ్ళను ముందు పంపాలి. అది వరుస తప్పడం కాదు. తేడా ఎక్కడుందంటే అడగడంలో ఉంది. "పిల్లకు బాగాలేదమ్మా, ముందు పోనిస్తారా?" అని గట్టిగా, అందరికీ వినబడేలా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. అడగకుండా భుజంతో తోసుకుంటూ వచ్చేదే వరుస తప్పడం.

తువ్వాలకు సీటు

బస్సు ఇంకా ఆగనే ఆగదు. కిటికీలోంచి తువ్వాలలు, చేతిగుడ్డలు, సంచులు లోపలికి పడతాయి. ఒక్కోసారి పిల్లవాడిని కూడా కిటికీలోంచి లోపలికి దించుతారు. తువ్వాల పడ్డ సీటు తనదే అని దాని యజమాని అంటాడు. వరుసలో నిలబడి, మెట్టెక్కి, సీటు దాకా నడిచి వెళ్ళిన మనిషి నిలబడాలి. బయట ఉన్న మనిషి తువ్వాల మాత్రం కూర్చుంటుంది!

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. అన్ని బస్సుల్లోనూ కాదు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి వాటిలో. ఆడవాళ్ళకు జీరో టికెట్టు ఇస్తారు. తువ్వాలకు జీరో టికెట్టు కూడా లేదు. కాబట్టి దాన్ని మడిచి యజమాని చేతికి ఇచ్చి కూర్చోవచ్చు. తప్పేం లేదు.

ఈ బస్సుల్లో ఇంకో మాట వినబడుతుంది. "ఊరికే వస్తుందని ఎక్కేస్తున్నారు" అని కొందరు ఎగతాళి చేస్తారు. కొందరు డబ్బులిచ్చి ఎక్కాం కాబట్టి సీటు మాదే అంటారు. మన జీరో టికెట్టు డబ్బులు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. అందుకే ఆ టికెట్టు కొడతారు. సబ్బు కొన్నా మన పన్నులు కూడా ఆ ప్రభుత్వానికి చేరుతున్నాయి. నోరు పారేసుకోవడం కూడా వరుస తప్పడం లాంటిదే.

మనవైపు కూడా ఒకటి ఉంది. దిగేవాళ్ళు దిగకముందే ఎక్కడానికి తోస్తాం. దిగేవాళ్ళు దిగితేనే కదా లోపల చోటు దొరికేది! పక్కకు జరిగి దారి ఇస్తే రెండు పనులూ త్వరగా అవుతాయి.

ఎందుకు తోస్తాం?

మన జనానికి బుద్ధి లేదు, అందుకే తోసుకుంటారు అని చాలామంది అంటారు. నాకు ఆ మాట నచ్చదు. కుళాయి దగ్గర రాయికి కూడా విలువ ఇచ్చిన జనమే కదా ఇది. తోపులాటకు మూలం ఎక్కువసార్లు భయం. నా దాకా వచ్చేసరికి అయిపోతుందేమో అన్న భయం.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా దొరకలేదు. రైతులు తెల్లవారకముందే వెళ్ళి చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో పెట్టారు. ఎన్ని బస్తాలు వచ్చాయో, ఎంతమందికి అందుతాయో తెలియనప్పుడు అక్కడ కొట్లాటలు కూడా అయ్యాయి. ఎన్ని ఉన్నాయో ముందే చెబితే అందనివాళ్ళు ఇంటికి పోతారు, అందేవాళ్ళు నెమ్మదిగా ఉంటారు.

రేషను దుకాణం దగ్గరా ఇదే భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ 1 నుంచి ఇంటింటికీ తిరిగే రేషను బండ్లు ఆపేశారు. మళ్ళీ దుకాణంలోనే ఇవ్వడం మొదలుపెట్టారు. నెలలో 1వ తారీకు నుంచి 15వ తారీకు దాకా ఇస్తామని అప్పుడు చెప్పారు. 65 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకు, నడవలేనివాళ్ళకు ఇంటి దగ్గరే ఇస్తామన్నారు. పదిహేను రోజులు గడువు ఉన్నా ఒకటో తారీకు పొద్దునే అందరం సంచులతో నిలబడతాం. వేలిముద్ర మిషను ఒకటే. దానికి సిగ్నలు అందదు. వరుస కదలదు. మీ దుకాణంలో ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఇస్తారో బోర్డు మీద చదవండి. బోర్డు లేకపోతే పెట్టమని డీలరును అడగండి.

వరుస గుంపు అయితే

ఊళ్ళో అయితే కాస్త సిగ్గు ఉంటుంది. రేపు ముఖం చూడాలి కదా. పరాయి చోట ఆ సిగ్గు పోతుంది. తీర్థానికో తిరునాళ్ళకో వెళితే పక్కన ఉన్నది ఎవరో తెలియదు. భాష కూడా తెలియదు. మళ్ళీ కనబడరు. అందుకని తోస్తాం.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో జరిగింది మీరు వినే ఉంటారు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మరునాడు పొద్దున 5 గంటలకు ఇవ్వాలి. ముందు రోజే వేలమంది వచ్చేశారు. ఒకామెకు ఒంట్లో బాగాలేదని గేటు తీశారని అధికారులు చెప్పారు. టోకెన్లు ఇస్తున్నారనుకుని వెనక ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ముందుకు వచ్చారు. 6 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. తమిళనాడు, కేరళ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అదే సంవత్సరం నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో తొక్కిసలాట జరిగింది. అక్కడా చనిపోయింది ఎక్కువగా ఆడవాళ్ళే. అంతకు ముందు 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రిలో 25 మందికి పైగా పోయారు.

వీటిలో జనం తప్పు కంటే ఏర్పాట్ల తప్పే పెద్దది. ఎంతమంది వస్తారో లెక్క వేసుకుని దారులు, గేట్లు, మనుషులు పెట్టవలసింది పెద్దవాళ్ళే. కాని తోపులాటలో మనిషి ఎలా చనిపోతుందో మనకు తెలిసి ఉండాలి.

ఊపిరి పీల్చాలంటే ఛాతీ ఉబ్బాలి. ఉబ్బడానికి చోటు కావాలి. ముందూ వెనకా మనుషులు బిగిసిపోతే ఆ చోటు ఉండదు. నిలబడ్డ మనిషికి నిలబడ్డచోటే ఊపిరి ఆడదు. కాళ్ళ కింద నలిగి చనిపోయారనుకుంటాం గాని, చాలామంది ఊపిరాడకే చనిపోతారు. వెనక ఉన్నవాళ్ళకు ఇది కనబడదు. వాళ్ళు కొంచెమే తోస్తారు. వంద మంది కొంచెం కొంచెం తోస్తే ముందున్న మనిషి మీద అదంతా పడుతుంది. పొట్టిగా ఉన్నవాళ్ళు, చంకలో పిల్ల ఉన్నవాళ్ళు ముందు చిక్కుకుంటారు.

పక్కవాళ్ళు నాలుగు వైపులా తగులుతూ, మన ఇష్టప్రకారం కదలలేకపోతే అప్పుడే బయటికి వచ్చేయాలి. దర్శనం ఇంకో రోజు దొరుకుతుంది. గుంపుకు ఎదురు పోకండి. గుంపు కదిలినప్పుడు దానితో కదులుతూ, కొంచెం కొంచెంగా పక్కకు జరగండి. గోడను, కమ్మీలను ఆనుకుని నిలబడవద్దు. రెండు చేతులూ మడిచి ఛాతీకి ముందు అడ్డం పెట్టుకుంటే ఊపిరికి కాస్త చోటు ఉంటుంది. పైట బిగించి దోపుకోండి. పిల్లను పైకి ఎత్తి పట్టుకోండి. చెప్పు ఊడినా, సంచి జారినా వంగవద్దు. పోతే పోనివ్వండి. కింద పడితే వెంటనే లేవాలి. లేవలేకపోతే పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, చేతులతో తల కాపాడుకోవాలి. బోర్లా పడుకోకూడదు, వెల్లకిలా పడుకోకూడదు.

ఒక కాగితం చాలు

మళ్ళీ మన ఊరికి వద్దాం. వరుస తప్పే మనిషితో ఏమనాలి? తిడితే అసలు సంగతి పోయి తగాదా మిగులుతుంది. "అక్కా, చివర ఇటు ఉంది" అని చెయ్యి చూపిస్తే చాలు. "అన్నా, మేం కూడా ఏడింటి నుంచి ఉన్నాం" అనండి. వాళ్ళు ముందుకు వచ్చేటప్పుడే అనాలి. సరుకు చేతికి వచ్చాక అనడం దండగ. ఒకామె అన్నప్పుడు వెనక ఉన్నవాళ్ళు కూడా "అవునక్కా" అనాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చే మనిషితో మాట్లాడటం. "ముందు ఆమె వచ్చింది, ఆమెకు ఇవ్వండి" అంటే డీలరు చెయ్యి ఆగుతుంది. ఇచ్చే చెయ్యి ఆగితే తోసే భుజం ఆగుతుంది.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకుని వెళ్ళండి. వచ్చినవాళ్ళ పేర్లు వచ్చినట్టే 1, 2, 3 అని రాయండి. ఎవరి నంబరు వాళ్ళకు చెప్పండి. అప్పుడు ఎండలో నిలబడే పని లేదు. చెట్టు కింద కూర్చోవచ్చు, పిల్లకు పాలు ఇచ్చుకోవచ్చు. రాసేది ఎవరైనా సరే, తన పేరు కూడా తను వచ్చిన వరుసలోనే రాసుకోవాలి. ఒక పేరు పక్కన ఇంకో పేరు ఇరికించవద్దు. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే పక్కన చిన్న గీత పెట్టి తర్వాతి పేరు పిలవండి. ఆమె వచ్చాక, అప్పుడు మిషను దగ్గర ఉన్న మనిషి పని అయిన వెంటనే పంపండి. ఇలా చేస్తామని పేర్లు రాసేముందే అందరికీ చదివి వినిపించండి.